బొత్తాం కళ్ళ అమ్మ: తొమ్మిదేళ్ళ పాప నిద్రకు సంబంధించిన ఒక కేసు

విశాఖపట్నంలో పిల్లల మానసిక సమస్యలు చూసే సైకాలజిస్టుగా పనిచేస్తున్న నన్ను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. భయం గొలిపే కథలను, ముఖ్యంగా పేరున్న పిల్లల పుస్తకాల నుంచి తీసిన సినిమాలను, పిల్లలకు చూపించవచ్చా అని. పుస్తకంగా వచ్చింది కనుక మంచిదే అయి ఉంటుందని కొందరు, పుస్తకమైనా సరే చీకటి కథ చీకటి కథేనని కొందరు ముందే ఒక నిర్ణయానికి వచ్చి, నా చేత అవుననిపించుకోవడానికే అడుగుతారు. చాలాకాలం నేను కూడా సినిమా పేరు విని జవాబు చెప్పేదాన్ని. ఆ అలవాటు మానుకోవడానికి ఈ కేసే కారణం. ఇందులో నేను రెండు తప్పులు చేశాను, రెండింటికీ మూలం ఒకటే. తల్లిదండ్రుల అనుమతితో, పాపకు చెప్పి ఒప్పించి ఇది రాస్తున్నాను. వయసు తప్ప, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను, లేదా వదిలేశాను.

నేపథ్యం

పాపకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఐదేళ్ళ తమ్ముడున్నాడు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. తల్లి ఉద్యోగరీత్యా ఎనిమిది నెలలు వేరే నగరంలో ఉండి, నెలకు రెండు రోజులు మాత్రమే వచ్చిపోతూ, వానాకాలం చివర్లో పూర్తిగా తిరిగి వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ పిల్లల్ని చూసుకోవడానికి శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన నాన్నమ్మ, కోడలు తిరిగి వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయింది. పాప చదువులో చురుకు. అంతకుముందు నిద్రకు గాని, బడికి గాని సంబంధించిన ఇబ్బంది ఏదీ లేదు.

దసరా సెలవులు ముగిసిన వారంలో ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి ఒక బొమ్మల సినిమా చూడాలనుకున్నారు. తండ్రి ఎంచుకున్నది ‘కోరలైన్’. 2002లో వచ్చిన ఆంగ్ల పిల్లల నవల ఆధారంగా 2009లో తీసిన స్టాప్ మోషన్ చిత్రం అది. కొత్త ఇంట్లోకి మారిన ఒక అమ్మాయి గోడలోని చిన్న తలుపు గుండా వెళ్ళి, తన ఇల్లు లాంటి ఇంకో ఇంటిని, తన అమ్మ లాంటి ఇంకో అమ్మను చూస్తుంది. ఆ రెండో అమ్మ రుచిగా వండి పెడుతుంది, విసుక్కోదు, అడిగినదల్లా ఇస్తుంది. ఆమె కళ్ళ స్థానంలో మాత్రం నల్లటి బొత్తాలుంటాయి. అక్కడే ఉండిపోవాలంటే పిల్ల కూడా కళ్ళకు బొత్తాలు కుట్టించుకోవాలి.

తండ్రి అజాగ్రత్తగా ఎంచుకున్నాడని నేను అనను. వయసు సూచన చూశాడు, పుస్తకం పిల్లల కోసం రాసినదని తెలుసుకున్నాడు. అయితే సినిమా నడుస్తుండగా అతనికి ఆఫీసు ఫోను వచ్చి బాల్కనీలోకి వెళ్ళాడు, తల్లి వంటింట్లోకి వెళ్ళింది, తమ్ముడు నిద్రపోయాడు, నాన్నమ్మ తన గదిలో ఉంది. చివరి నలభై నిమిషాలు పాప ఒక్కతే చూసింది. ఈ సంగతి నాకు మొదటి సమావేశంలోనే చెప్పారు. నేను కాగితం మీద రాసుకున్నాను కూడా, కానీ దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

తెచ్చిన సమస్య

మూడో రాత్రి నుంచి మొదలైంది. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో పాప లేచి, ఏడుస్తూ తల్లిదండ్రుల గదికి వచ్చేది. వచ్చి ఎప్పుడూ తండ్రి పక్కనే పడుకునేది. తల్లి మధ్యలో ఉంటే చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళేది. అటక కింద సామాను పెట్టుకునే చిన్న తలుపుకు అడ్డంగా ఒక స్టూలు జరిపింది. రెండు గౌన్ల బొత్తాలు, బడి యూనిఫాం బొత్తాలు కత్తెరతో కత్తిరించింది. తల్లిదండ్రులు నా దగ్గరకు రావడానికి తక్షణ కారణం ఆ యూనిఫామే.

తల్లి ఇంకో విషయం చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాప మామూలు పప్పన్నం తింటోంది గాని, తల్లి ప్రత్యేకంగా చేసినదేదీ ముట్టడం లేదు. ‘నేను సెలవు పెట్టి బొబ్బట్లు చేస్తే ముట్టుకోలేదండీ. వాళ్ళ నాన్నమ్మ పెట్టిన చద్దన్నం మాత్రం తిన్నది’ అంది. నేను దీన్ని ఎనిమిది నెలల ఎడబాటు వల్ల వచ్చిన అలకగా తీసుకున్నాను. సినిమా భయం ఒకటి, తల్లి మీద అలక ఒకటి, రెండు వేర్వేరు సమస్యలు అని విడదీసి రాసుకున్నాను. ఆ విభజనే మొదటి పొరపాటుకు దారి తీసింది.

మొదటి అంచనా

రాత్రి ఏడ్చి లేచే పిల్లల విషయంలో మొదట తేల్చుకోవలసింది అది పీడకలా, నిద్రలో వచ్చే ఉలికిపాటా అన్నది. రెండో రకం సాధారణంగా రాత్రి మొదటి మూడో వంతులో, గాఢనిద్రలోంచి వస్తుంది. పిల్ల కేకలు పెట్టినా నిజంగా మేలుకోదు, తెల్లారి ఏమీ గుర్తుండదు. పీడకల రాత్రి రెండో సగంలో వస్తుంది. పిల్ల పూర్తిగా మేలుకుంటుంది, కల చెప్పగలుగుతుంది. ఈ పాప తెల్లవారుజామున లేస్తోంది, నడిచి వస్తోంది, కల చెబుతోంది: ‘ఒక చెయ్యి వస్తుంది. ఒట్టి చెయ్యే.’ కాబట్టి పీడకలలే. పిల్లల వైద్యుడు శారీరకంగా ఏమీ లేదని అంతకుముందే చెప్పారు.

ఇంకొక అనుమానాన్ని కూడా తోసిపుచ్చవలసి ఉంది. తనవాళ్ళ రూపంలో వేరెవరో వచ్చారని గట్టిగా నమ్మే స్థితి ఒకటుంది. పిల్లల్లో అరుదు, కానీ ఉంటే మాత్రం దారి వేరు, మానసిక వైద్యుల చేతిలో పెట్టాలి. పాపను నేరుగా అడిగాను, మీ అమ్మ మీ అమ్మేనా అని. నా వైపు జాలిగా చూసి ‘అమ్మే కదా మేడమ్’ అంది. కొంచెం ఆగి, ‘పగలు తెలుసండీ. రాత్రి తెలీదు’ అంది. బడిలో ఏ మార్పూ లేదు, మాటలో తేడా లేదు, ఇతరుల గురించి అలాంటి అనుమానం లేదు. నాకు తెలిసిన మానసిక వైద్యురాలితో పేరు చెప్పకుండా చర్చించాక, ఇది భ్రమ కాదు, భయమేనని నిర్ణయించుకున్నాము.

చేసినవి, ఫలించనివి

మేము మొదలుపెట్టేసరికే ఇంట్లో కొన్ని ప్రయత్నాలు జరిగి ఉన్నాయి. దిష్టి తీశారు, సింహాచలం తీసుకువెళ్ళి దర్శనం చేయించారు, టీవీకి తాళం వేశారు. ‘అదంతా ఉత్తదే, కంప్యూటర్లో చేస్తారు’ అని తండ్రి పదేపదే చెప్పాడు. ఇవేవీ హాని చేయలేదు. దర్శనం రోజు పాప బాగా నిద్రపోయిందని డైరీలో ఉంది.

హాని చేసినది నా సలహా. నాన్నమ్మ రాత్రిళ్ళు పాపకు కథలు చెబుతోందని తండ్రి కొంత సంకోచంగా చెప్పాడు. ఏ కథలని అడిగితే బాలనాగమ్మ కథ అన్నాడు. మాయల ఫకీరు భిక్షకు వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోవడం, రక్షించడానికి వెళ్ళినవాళ్ళు రాళ్ళయిపోవడం, చివరికి ఆమె కొడుకు బాలవర్ధిరాజు ఫకీరు ప్రాణం దాగిన చిలకను పట్టి వాణ్ణి చంపడం. బుర్రకథగా ఊరూరా తిరిగి, 1942లో సినిమాగా కూడా వచ్చిన ఈ కథలో అపహరణ ఉంది, మంత్రాలున్నాయి, చావులున్నాయి. భయంతో నిద్రపట్టని పిల్లకు పడుకోబోయే ముందు ఇదా అనిపించింది. కొంతకాలం ఇలాంటి కథలు ఆపమన్నాను. నాన్నమ్మ ఊరుకోలేదు. ‘ఏటి డాక్టరమ్మా, ఈ కథ ఇనే గదా మేమందరం పెరిగాం? కథకి బెదిరిపోతే నా పక్కలో ఎందుకు పడుకుంటాది?’ అంది. ఆ రెండో వాక్యాన్ని నేను ప్రశ్నగా తీసుకుని ఉండవలసింది. పెద్దావిడ పట్టుదలగా తీసుకున్నాను.

రెండో తప్పు మూడో సమావేశంలో జరిగింది. భయపెట్టిన సినిమా ఎలా తయారైందో చూపిస్తే, ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకు చాలాసార్లు భయం తగ్గుతుంది. అంతకన్నా చిన్నవాళ్ళు కంటికి కనిపించే రూపానికే భయపడతారు కనుక ‘అది నిజం కాదు’ అన్న మాట వాళ్ళకు పెద్దగా పనిచేయదు. తొమ్మిదేళ్ళకు పనిచేయాలి. తండ్రి ‘కంప్యూటరు’ అన్నది కూడా తప్పే, స్టాప్ మోషన్‌లో నిజమైన బొమ్మల్ని చేతితో వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమూ తీస్తారు. కాబట్టి ఆ పద్ధతి చూపించే చిన్న వీడియో ఒకటి చూపించాను. పాప కుర్చీలో వెనక్కి జరిగి ‘అంటే అది నిజంగా ఉందా?’ అని అడిగింది. కంప్యూటరు బొమ్మ అయితే ఎక్కడా లేనట్టే. ఇప్పుడు, ఆ బొమ్మ ఎక్కడో ఒక అల్మారాలో ఉందని, దాన్ని చేతులు కదుపుతాయని నేనే నిరూపించాను. పైగా ఆ సినిమాలో రెండో అమ్మ పంపే గూఢచారి ఒక గుడ్డబొమ్మ, ఆ అమ్మాయి పోలికతోనే ఉంటుంది. కథ గురించి రెండు పేరాల సారాంశం చదువుకుని కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు. ఆ రాత్రి పాప తన బొమ్మలన్నిటినీ సంచిలో వేసి బయట పెట్టమంది.

పీడకలకు పగటిపూట వేరే ముగింపు ఊహించి, బొమ్మ గీసి, రోజూ మననం చేసే పద్ధతి కూడా ప్రయత్నించాను. నా అనుభవంలో ఇది బాగా పనిచేసేదే. పాప పెన్సిలు పట్టుకుని, పెట్టేసి, ‘అయిపోయింది అనుకున్నాకే కదా చెయ్యి వస్తుంది’ అంది. నిజమే. ఆ కథలో అమ్మాయి ఇంటికి చేరి అమ్మానాన్నలు దక్కాక, అంతా సుఖాంతమైందనుకున్న తరువాత, రెండో అమ్మ తెగిన చెయ్యి ఆ చిన్న తలుపు తాళంచెవి కోసం వెతుక్కుంటూ వస్తుంది. ముగింపును నమ్మకూడదని నేర్పిన కథకు ఇంకో ముగింపు రాయమంటే పిల్ల ఎందుకు నమ్ముతుంది? ఆ రోజే నేను ఆ సినిమాను మొదటిసారి పూర్తిగా చూశాను, పుస్తకం తెప్పించుకుని చదివాను. మూడు సమావేశాల తరువాత చేసిన ఈ పని మొదటి దానికి ముందే చేయవలసింది.

డైరీలో కనిపించినది

అపాయింట్‌మెంటు తీసుకున్నప్పుడే నిద్ర డైరీ రాయమని ఫోనులో చెప్పాను. మొదటి సమావేశానికి ముందు పది రాత్రుల లెక్క ఉంది, తరువాత రెండు వారాలది ఉంది. నేను చూస్తూ వచ్చింది ఎన్నిసార్లు లేచిందన్న గడిని మాత్రమే. మొదటి పది రాత్రుల్లో ఆరు సార్లు, నాన్నమ్మ కథలు ఆపాక వచ్చిన పది రాత్రుల్లో తొమ్మిది సార్లు. బొమ్మల వీడియో దీనికి కొంత కారణమే గాని, అది వచ్చింది చివర్లో.

‘పడుకునే ముందు’ అన్న గడిలో తండ్రి చిన్న అక్షరాలతో రాసినవి అప్పుడు చదివాను. మొదటి పది రాత్రుల్లో పాప లేవని నాలుగు రాత్రుల్లో ఒకటి సింహాచలం వెళ్ళిన రోజు. మిగతా మూడూ నాన్నమ్మ ఫకీరు కథ చెప్పిన రాత్రులు. కథ వల్లనా, పక్కన పెద్దావిడ ఉండడం వల్లనా అన్న సందేహం సహజం. జలుబు చేసి గొంతు రాక నాన్నమ్మ ఊరికే పక్కన పడుకున్న రాత్రులు రెండున్నాయి, ఆ రెండు రాత్రులూ పాప లేచింది. ఇంత చిన్న లెక్కతో ఏదీ రుజువు కాదు. కానీ నేను నిషేధించినది మందు అయి ఉండవచ్చన్న అనుమానానికి ఇది చాలు.

నాన్నమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి, పాప ఆ కథ ఎలా వింటుందో చెప్పమన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ విననే వినదట. ఫకీరు భిక్షకు వచ్చే చోట ‘ఆగు మామ్మా’ అంటుంది, మంచినీళ్ళు తాగి వస్తుంది, మళ్ళీ చెప్పమంటుంది. చిలకను పట్టే ఘట్టం మాత్రం మూడుసార్లు చెప్పించుకుంటుంది. ‘అమ్మని తెచ్చేది కొడుకే ఎందుకు, కూతురు లేదా’ అని ఒకసారి అడిగితే, ‘నీ కోసం కూతుర్ని పెట్టేసినానమ్మా’ అని చెప్పింది పెద్దావిడ.

నాకు అక్కడ రెండు విషయాలు ఒకేసారి తెలిశాయి. ఒకటి, కథ వేగం ఎవరి చేతిలో ఉందన్నది. తెర మీద కథ తన వేగంతో తాను పోతుంది. వినే కథ పిల్ల ముఖం చూసి నడుస్తుంది, ఆగమంటే ఆగుతుంది, అవసరమైతే కొడుకును కూతురుగా మార్చుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. పాప ఎంచుకున్న కథ తల్లి మాయమైపోయే కథ, పిల్ల వెళ్ళి తల్లిని తెచ్చుకునే కథ. ఆ ఇంట్లో ఎనిమిది నెలలు జరిగినది అదే. నేను వేరు చేసి రాసుకున్న రెండు సమస్యలూ ఒకటేనా?

కళ్ళజోడు

జవాబు నాలుగో సమావేశంలో పాపే ఇచ్చింది, నేను అడగకుండానే. నా ముఖంలోకి చూస్తూ ‘మీరు కళ్ళజోడు తీసేసి ఏమైనా పెట్టుకుంటారా మేడమ్?’ అంది. లేదన్నాను. ‘మా అమ్మ పెట్టుకుంటుంది. వేలితో.’

తల్లి వేరే నగరంలో ఉన్నప్పుడు కళ్ళజోడు మానేసి కాంటాక్ట్ లెన్సులకు మారింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. తిరిగి వచ్చాక, ఇన్నాళ్ళు లేని లోటు తీర్చాలని, పిల్లల్ని ఇక కసరకూడదని గట్టిగా అనుకుంది. అంటే వెళ్ళినది కళ్ళజోడు పెట్టుకుని హోంవర్కు కోసం కేకలేసే అమ్మ. వచ్చినది కళ్ళలో ఏదో పెట్టుకునే, ఎప్పుడూ నవ్వే, సెలవు పెట్టి బొబ్బట్లు వండే అమ్మ. ‘ఇదివరకు తిట్టేది. ఇప్పుడు ఏం చేసినా నవ్వుతుంది’ అని పాప చెప్పినప్పుడు అది ఫిర్యాదని నాకు అర్థమైంది. సినిమా ఆమెకు కొత్త భయమేదీ ఇవ్వలేదు. అప్పటికే ఉన్న ఒక చెప్పుకోలేని అనుమానానికి బొమ్మ గీసి చూపించింది.

తల్లి రూపంలో చెడు ఉండడాన్ని పెద్దలమే భరించలేము. గ్రిమ్ సోదరుల 1812 నాటి మొదటి సంపుటంలో స్నోవైట్‌ను చంపించబోయేది కన్నతల్లి, 1819 కూర్పు నాటికి ఆమె సవతి తల్లి అయింది. మన కథల్లో కూడా ఆ పాపమంతా సవతి తల్లి నెత్తినే ఉంది. అలా మార్చడం వల్ల పిల్లలకు ఒక వెసులుబాటు దొరుకుతుంది, మా అమ్మ అలాంటిది కాదు అనుకోవచ్చు. ఈ సినిమా ఆ వెసులుబాటును సగం ఇచ్చి సగం ఉంచుకుంటుంది, ఇద్దరిదీ ఒకే ముఖం. చాలామంది పిల్లలకు అది ఇంపైన వణుకు. ఎనిమిది నెలల తరువాత అమ్మ ముఖం మారి వచ్చిన పిల్లకు అది వేరు.

పనిచేసినవి

మొదట నాన్నమ్మకు క్షమాపణ చెప్పి, కథలు మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ‘చెప్తూనే ఉన్నానమ్మా, మజ్జానం పూట’ అంది. తండ్రి డైరీలో మధ్యాహ్నాలకు గడి లేదు.

తరువాత లెన్సుల సంగతి. తల్లి వెంటనే కళ్ళజోడుకు మారిపోతానంది. వద్దన్నాను. దాచేస్తే దాచవలసినదేదో ఉందనే పాపకు అర్థమవుతుంది, భయం చెప్పినట్టల్లా ఇల్లు సర్దుకుంటే భయానికి బలం పెరుగుతుంది. అందుకు బదులు పగటిపూట, పాప అడిగినప్పుడు మాత్రమే, తల్లి అద్దం ముందు కూర్చుని లెన్సు తీసి చూపించాలి, పెట్టె పాప చేతిలో ఉండాలి. మొదటి రోజు గుమ్మంలోంచి చూసింది. ఐదో రోజుకు ద్రావణం తనే పోసింది. తిట్టడం గురించి చెప్పడం కొంచెం కష్టమైంది, ఏ తల్లికైనా పిల్లను కసరమని సలహా ఇవ్వడం నాకు అదే మొదలు. కోపం వచ్చినప్పుడు రానట్టు నటించవద్దు అని మాత్రం చెప్పాను. ఆ వారంలోనే తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు తల్లి కేకలేసింది, పాప ఏడ్చింది, ఆ రాత్రి తల్లి వైపు వచ్చి పడుకుంది.

ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది మూడో నిర్ణయానికి: అదే కథను పుస్తకంగా మళ్ళీ చదివించడం. సినిమానే పగటి వెలుతురులో, ఆపుతూ ఆపుతూ చూపించడం మామూలు పద్ధతి. పాప ససేమిరా అంది, బలవంతం చేస్తే రావడమే మానేస్తుందనిపించింది. పుస్తకం వైపు మొగ్గడానికి అంతకన్నా గట్టి కారణం, రెండూ చూశాక నాకు కనిపించిన తేడాలు. సినిమాలో ఉన్న పొరుగు అబ్బాయి పుస్తకంలో లేడు. పుస్తకంలో ఆ పిల్ల లోలోపల అనుకునేవి తెర మీద ఎవరితోనైనా పైకి అనాలి కనుక అతన్ని కల్పించి ఉంటారని నా ఊహ. దాని ఫలితంగా, చివర్లో ఆ చేతి బారినుంచి తప్పించడానికి అతను వస్తాడు. పుస్తకంలో అమ్మాయి ఒక్కతే పథకం వేస్తుంది. పాత బావి మీద కాగితపు టేబుల్ గుడ్డ పరిచి, బొమ్మల టీ కప్పులతో అంచులు నొక్కిపెట్టి, మధ్యలో తాళంచెవి ఉంచి, బొమ్మలతో ఆడుకుంటున్నట్టు నటిస్తుంది. చెయ్యి ఎగిరి దాని మీద పడి బావిలోకి పోతుంది. గూఢచారి గుడ్డబొమ్మ కూడా పుస్తకంలో లేదు. ఇంకొకటి, సినిమాలో లేనిది: అమ్మాయి తన తండ్రి గురించి, ఆ కథలో తనతో మాట్లాడే పిల్లికి చెప్పే చిన్న కథ. కందిరీగలు చుట్టుముట్టినప్పుడు ఆయన నిలబడి కుట్టించుకుని కూతుర్ని పరిగెత్తనిచ్చాడు. అది ధైర్యం కాదు, అప్పుడు వేరే దారి లేదు. అక్కడ పడిపోయిన కళ్ళజోడు కోసం తరువాత భయపడుతూనే మళ్ళీ వెళ్ళాడు, అదీ ధైర్యం అంటాడు. పిల్లకు కావలసిన ముక్కలు రెండూ సినిమాగా మారేటప్పుడు జారిపోయాయి. సినిమాను తప్పుపట్టడం లేదు, అది అందమైన పని. ఈ పాపకు ఏది అక్కరకొస్తుందన్నదే నా లెక్క.

ఎవరు చదవాలి? తండ్రి అయితే పాపకు సుఖం. నాన్నమ్మకు ఇంగ్లీషు రాదు. నేను చదివితే ఇంటి బయట జరిగిన చికిత్స అవుతుంది. భయం తల్లి చుట్టూ ఉంది కనుక తల్లే చదవాలని నాకనిపించింది, కానీ రెండో అమ్మ మాటలు తల్లి గొంతులోంచి వస్తే ఎదురుతిరిగే ప్రమాదం ఉంది. చివరికి పాపనే అడిగాను. ‘అమ్మ చదవాలి. నాన్న అక్కడ కూర్చోవాలి’ అంది. పాప చెయ్యెత్తితే వాక్యం మధ్యలోనైనా ఆపాలి, రోజుకు ఎన్ని పేజీలో పాపే చెబుతుంది, పడుకోబోయే ముందు కాదు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముగించాలి. ఇవి మేము రాసుకున్న షరతులు.

పాప ఇంగ్లీషు మీడియమైనా, తల్లి ఒక పేరా చదివి తెలుగులో చెబుతూ పోయింది. నేను ఊహించని మేలు దీనివల్ల జరిగింది. ప్రతి పేరా తరువాత ఆగడం తప్పనిసరైంది, భయపెట్టే వాక్యం పాప చెవిని చేరేసరికి అది అమ్మ సొంత మాటల్లోకి మారి ఉండేది. రెండో అమ్మను తెలుగులో ఏమనాలన్న వాదనకే మొదటి సాయంత్రం సరిపోయింది. ‘మాయమ్మ’ అంది నాన్నమ్మ. ‘ఇంకో అమ్మ’ అంది తల్లి. పాప రెండూ కాదని ‘ఉత్తుత్తి అమ్మ’ అని పేరు పెట్టింది. అన్నం వండే ఆటలో మట్టిని ఏమంటారో ఆ మాట.

పదమూడు అధ్యాయాలకు పందొమ్మిది సాయంత్రాలు పట్టింది. బొత్తాలు కుడతానన్న చోట పాప చెయ్యెత్తి పుస్తకం మూయించి, మర్నాడు అదే పేజీతో మొదలుపెట్టించింది. కందిరీగల కథ దగ్గర తండ్రి వైపు తిరిగి ‘నువ్వెప్పుడైనా అలా చేశావా నాన్నా’ అని అడిగింది. అతను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకినప్పటి సంగతి చెప్పాడు. తలుపు ఊడిపోకుండా గంటలకొద్దీ వీపు ఆనించి నిలబడడం, గాలి కొంత తగ్గాక వణుకుతూనే కింది అంతస్తులో ఒంటరిగా ఉన్న ముసలాయన్ని చూడడానికి వెళ్ళడం. నాన్న భయపడ్డాడన్నది పాపకు కొత్త విషయం. ‘ఎంత భయం?’ అని చాలాసేపు అడిగిందట.

చివరి అధ్యాయం అయిన సాయంత్రం ఆట మొదలైంది, ఎవరూ చెప్పకుండానే. బకెట్టు మీద న్యూస్‌పేపరు పరిచి, చుట్టూ ఏటికొప్పాక లక్కపిడతలు బరువుకు పెట్టి, తండ్రి రబ్బరు గ్లవుజును తమ్ముడి చేత పైనుంచి వేయించింది. కాగితం చిరిగి, లక్కపిడతలతో సహా గ్లవుజు బకెట్లో పడింది. ఆ ఒక్క సాయంత్రమే పదకొండు సార్లు ఆడారని, వారం పేపర్లన్నీ అయిపోయాయని డైరీలో ఉంది. నేను మూడో సమావేశంలో కాగితం మీద రాయించబోయిన ముగింపు ఇదే. ఈసారి అది పాప చేతుల మీదుగా జరిగింది.

తరువాత

పుస్తకం సగానికి వచ్చేసరికి లేవడం వారానికి రెండు రాత్రులకు తగ్గింది, ముగిసిన మూడు వారాలకు ఆగిపోయింది. ఫిబ్రవరిలో తల్లి ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఊరెళ్ళినప్పుడు మళ్ళీ మూడు రాత్రులు లేచింది. ఈసారి తిరిగి వచ్చే తేదీ క్యాలెండరు మీద పాప చేతనే గీయించారు, రోజూ ఒకే వేళకు ఫోను చేశారు. రెండు నెలల తరువాత ఒక స్నేహితురాలింట్లో అదే సినిమా కొంత చూసి వచ్చి నాకు చెప్పింది: ‘బుక్‌లో ఆ అబ్బాయి లేడు మేడమ్. వాళ్ళు కలిపారు.’ సినిమా పూర్తిగా చూడమని నేను అడగలేదు, చూడనక్కరలేదు కూడా.

ఏం మార్చుకున్నానంటే, ఇప్పుడు ఎవరైనా ఫలానా సినిమా చూపించవచ్చా అంటే నేను మూడు విషయాలు అడుగుతాను: ఈ మధ్య మీ ఇంట్లో ఏం మారింది, చూసేటప్పుడు పక్కన చివరిదాకా ఎవరుంటారు, ఆపమంటే ఆపుతారా. వయసు సూచనలు అనవసరమని కాదు. పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడవచ్చని చెప్పే మన యూఏ ధ్రువీకరణను 2023 చట్ట సవరణతో 7+, 13+, 16+ అని మూడు మెట్లు చేయడం తల్లిదండ్రులకు ఉపయోగమే. కానీ అది సినిమాలో ఏముందో చెబుతుంది, చూసే పిల్ల ఇంట్లో ఏముందో చెప్పదు. ఇంకొకటి, భయపెట్టిన కథను నేను చదవకుండా, చూడకుండా పిల్లతో దాని గురించి మాట్లాడడం మానేశాను. దీనికి సమయం పడుతుంది, ఫీజు రాదు.

తమ్ముడికి ఆ సినిమా చూపించవచ్చా అని తండ్రి చివరి సమావేశంలో అడిగాడు. ఇప్పుడు వద్దన్నాను. వాడి భయం అక్క భయం లాంటిది కాదు. ఐదేళ్ళవాడు బొత్తాం కళ్ళ రూపాన్నే చూస్తాడు, ధైర్యం గురించి పిల్లితో చెప్పిన కథ వాడికి అందదు. ఫకీరు కథ మాత్రం వాడు కూడా నాన్నమ్మ పక్కన చేరి వింటున్నాడట, చిలక ఘట్టం రాకముందే నిద్రపోతున్నాడట.

మే నెలలో ఫైలు మూసేశాను. అటక కింది చిన్న తలుపు ముందు స్టూలు అలాగే ఉందని తల్లి చెప్పింది, తీయించనా అని అడిగింది. పాప దాని మీద కూర్చుని బడికి బూట్లు వేసుకుంటోందట. ఉండనివ్వమన్నాను.